అడ్డం లేచే చెయ్యి

పదిమంది చేతులు లేచినచోట మొండయ్య చెయ్యి లేవదు. ఆ పది చేతులూ దిగి, "అభ్యంతరం ఉన్నవాళ్లు?" అని అడిగినప్పుడు మాత్రం ఒక్క చెయ్యి లేస్తుంది. అది మొండయ్యదే. ఎండిన తాటిమట్టలా నిటారుగా, అయిదు వేళ్లూ విప్పుకుని లేస్తుంది. ఫ్యాను కింద కూర్చుంటే పక్కవాళ్లు ముందే స్విచ్ ఆపేస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూళ్లలో నడిచే 'ఇయ్యాల్టి సంఘం'లో ఆ చెయ్యిని ఎరగనివాళ్లు లేరు. తాగుడు మానినవాళ్లూ, మానాలనుకునేవాళ్లూ ప్రతి ఆదివారం ఒక ఊళ్లో కూర్చుని తమ కథలు చెప్పుకునే సంఘం అది. రేపటి సంగతి రేపు, ఇవాళ్టికి తాగను, ఇదే వాళ్ల ఒట్టు. అధ్యక్షుడు లేడు, పెద్దకుర్చీ లేదు. ఏది తేల్చాలన్నా చేతులెత్తి తేల్చాలి. అంటే మొండయ్య చెయ్యిని దాటుకుని తేల్చాలి.

చాయ్‌లో అల్లం వేద్దామంటే ఆయన అడ్డం. సరే, వద్దులే అంటే దానికీ అడ్డం. ఒకసారి అందరం గుండ్రంగా కూర్చుందామని ఆయనే చెప్పాడు. అందరూ చేతులెత్తారు. అభ్యంతరం ఎవరికని అడిగితే తాటిమట్ట లేచింది.

"నువ్వే గద కాకా చెప్పింది" అంది రాజమణి. కోరుట్ల ఆమె, బీడీలు చుడుతుంది, సంఘంలో మాటకు మాట అప్పజెప్పగల ఒకే ఒక్క మనిషి.

"చెప్పిన. కని అందరు ఒక్క దెబ్బకు ఒప్పుకున్నరంటే ఒక్కలు గూడ ఆలోచన చెయ్యనట్టే."

తాగుడు మాని పద్దెనిమిదేళ్లయిందని శాలువా కప్పబోతే తన శాలువాకు తానే అడ్డం పడ్డాడు. పందొమ్మిదైనంక చూద్దాం అన్నాడు. పందొమ్మిదయ్యాక శాలువా రంగు బాగాలేదన్నాడు.

అడ్డం పడితే పడ్డాడు, కారణం చెప్పేముందు తన గొప్పలు చెప్పుకోవడం ఒకటి. "కొడిమ్యాల బడిల ఏడో తరగతి ఫస్టు పాసైన. దినాం నలబై తాటిచెట్లెక్కి దిగిన, ఒక్కనాడు జారలే. పందొమ్మిదేండ్ల సంది చుక్క ముట్టలే. గందుకు చెప్తున్న." ఈ మూడు ముక్కలూ మూడూళ్లవాళ్లకూ కంఠస్థమే. ఆయన మొదలుపెట్టగానే వెనక వరసలో పెదాలు కదులుతాయి.

సంఘం అచ్చువేసే కాగితాల విషయంలో మాత్రం పద్ధతి మరీ గట్టిది. ఒక్క చెయ్యి అడ్డం లేచినా, ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అందరికీ వినబడేలా చదవాలి. చదివాక మళ్లీ చేతులెత్తాలి. అప్పుడూ అడ్డం లేస్తే సవరించుకుని వచ్చే ఆదివారం పక్క ఊళ్లో పెట్టుకోవాలి. ఆ నియమం రాసిందెవరో వేరే చెప్పాలా? పన్నెండేళ్ల కిందట, గుండ్రటి దస్తూరీతో, మొండయ్యే.

ఇలాంటి సంఘానికి బోయినపల్లి నరేశ్ ఒక పుస్తకం రాసి తెచ్చాడు. ఎనిమిది పేజీలు, చొక్కా జేబులో పట్టేటంత. దుబాయిలో ఆరేళ్లు పనిచేసి వచ్చినవాడు. సంఘంలో చేరి నాలుగు నెలలు నిలిచి, పోయిన దసరానాడు జారిపోయాడు. బావమరిది గ్లాసు చేతికిచ్చిన ఆ నిమిషంలో చూసుకోవడానికి జేబులో నాలుగు మాటలుంటే ఆగేవాడినేమోనని అప్పటినుంచీ వాడి మనసులో ఉంది. ఈ దసరాకు మూడూళ్లలో ప్రతి జేబులోనూ ఆ పుస్తకం ఉండాలి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుని పదకొండు నెలలు దాటించిన మనిషికి అంతకన్నా పెద్ద కోరిక లేదు.

మొదటి ఆదివారం జగిత్యాలలో అందరి చేతులూ లేచాయి. ఆ తర్వాత ఆ చెయ్యీ లేచింది.

"కొడిమ్యాల బడిల ఏడో తరగతి..." అని మొదలుపెట్టి మొండయ్య అసలు సంగతికి వచ్చాడు. "పుస్తకంల మందు మందు అని రాసినవు. కల్లు ఊసే లేదు. మావూరోడు గిది చదివి, కల్లు మందెట్లయితది, చెట్టుపాలే గద అని కల్లులొట్టి లేపుతడు. నేనట్లనే ఎనిమిదేండ్లు లేపిన."

అది న్యాయమే. నరేశ్ కల్లు చేర్చాడు. పుస్తకం ఒకసారి చదివారు. రెండో ఆదివారం కోరుట్లలో, పిన్నులు బయటికి పొడుచుకొచ్చి జేబు చింపుతాయన్నాడు. చదివారు. మూడోసారి చావింటికి పోతే ఏం చెయ్యాలో లేదన్నాడు. చేర్చారు, చదివారు. నాలుగోసారి పసుపుపచ్చ అట్ట పెళ్లిపత్రికలా ఉందన్నాడు.

"చేతుల పెట్టంగనే ఎదుటోడు ఎవరి పెండ్లి అని అడుగుతడు. నువ్వేం చెప్తవు పిలగా?"

"నా పెండ్లే అని చెప్త" అన్నాడు నరేశ్ పళ్లు నూరుతూ.

అట్ట మార్చలేదు గానీ, చదవడం మాత్రం తప్పలేదు. అలా అయిదు వారాలు గడిచాయి. నరేశ్‌కు తన పుస్తకం మీద తనకే విసుగు పుట్టింది.

న్యాయంగా చెప్పాలంటే మొండయ్య చెయ్యి లేవని రోజు కూడా ఒకటుంది. ఎండాకాలంలో మీటింగు వేళల కాగితం పెట్టినప్పుడు ఆయన అందరితోపాటే ఎత్తాడు. ఏడు నిమిషాల్లో పని తేలిపోయింది. రాజమణి లేచివచ్చి ఆయన నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని. ఆ వింత చూడనివాడు సమ్మయ్య ఒక్కడే. కొడిమ్యాల దగ్గర గొర్లు కాసుకునే సమ్మయ్య ఆవేళ గొర్లు కొనడానికి ముస్తాబాద్ పోయాడు. చూసినా ఏమీ అనేవాడు కాదు. రెండేళ్లుగా తలుపు పక్కన కూర్చుంటాడు. పేరు చెప్పమంటే చెబుతాడు, అంతకుమించి పెదవి కదపడు.

ఆరో వారం సిరిసిల్లలో. దసరా ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ సాయంత్రానికి కాగితాలు ప్రెస్సులో పడకపోతే ఇక పుస్తకం రాదు. నరేశ్ ఈసారి పక్కా ఏర్పాటుతో బయలుదేరాడు. ముందుగా ఒక తీర్మానం పెడతాడు: ఇకనుంచి చదవడం బంద్, ఎక్కువ చేతులు ఎటుంటే అటే. మూడూళ్లవాళ్లకూ ఫోన్లు చేసి సరేననిపించుకున్నాడు కూడా.

బోయినపల్లిలో బస్సెక్కితే ముందు సీట్లో సమ్మయ్య కనిపించాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సమ్మయ్య మాట్లాడడమే ఒక విశేషమని నరేశ్ చెవి అటు వేశాడు.

"ఇను తమ్మీ. దావత్‌కు పోయే ముందు కడుపునిండ తిను. గ్లాసు అందించేటోని పక్కన కూసోకు. చెయ్యి ఖాళీగ ఉంచకు, నీళ్ల సీసా పట్టుకో. మనసు గుంజితే గంట ఆగు. గంటైనంక ఇంకో గంట ఆగు..."

నాలుగో పేజీ. ఒక్క మాట పొల్లుపోలేదు. నరేశ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫోను పెట్టేదాకా ఆగి, పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

"అన్నా, నా పుస్తకం గంత మంచిగ చదివినవా?"

సమ్మయ్య తల వంచుకుని నవ్వాడు. "ఏడో పేజీ దాంక వచ్చింది. ఎనిమిదోదే ఇంక పట్టువడలే. గది చివర్ల గద, అందరు కుర్సీలు జరుపుతుంటరు, మంచిగ వినరాదు."

నరేశ్‌కు ఆ మాట అర్థం కాలేదు. సంచిలోంచి కాగితాలు తీసి చేతికిచ్చాడు. "ఇగో, ఎనిమిదో పేజీ. చూసుకో."

సమ్మయ్య వాటిని జాగ్రత్తగా పట్టుకుని, కాసేపు చూసి, తిరిగి ఇచ్చేశాడు. "అద్దాలు మర్సిన తమ్మీ."

దూరాన గుట్ట మీద మేసే గొర్రెల్లో తన గొర్రె ఏదో చెప్పగల సమ్మయ్యకు అద్దాలెప్పుడున్నాయి? వేములవాడ దాటేదాకా నరేశ్ కిటికీలోంచి బయటికే చూశాడు. కల్లు, పిన్నులు, చావిల్లు, పసుపు అట్ట. సమ్మయ్య రానినాడు, ఏడు నిమిషాల్లో తేలిన ఆ ఒక్క మీటింగు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పక్కన కూర్చున్నాయి.

సిరిసిల్లలో మీటింగు మరమగ్గాల షెడ్డు పక్కన గదిలో. రాజమణి తీర్మానం చదివింది: ఇకనుంచి చదువుడు బంద్. అందరి చేతులూ లేచాయి, మొండయ్యదీ నరేశ్‌దీ తప్ప. అభ్యంతరం అనగానే మొండయ్య చెయ్యి లేచింది. వెనక వరస పెదాలు సిద్ధం చేసుకుంది.

ఏడో తరగతి రాలేదు. తాటిచెట్లు రాలేదు.

"కారణం చెప్పు కాకా" అంది రాజమణి.

"కారణం లేదు. చెప్పేటిది కాదు. మీ ఇష్టం" అన్నాడు మొండయ్య. పందొమ్మిదేళ్లలో మొదటిసారి.

నరేశ్ అందుకున్నాడు. "నా తీర్మానానికి నేనే అడ్డం. చదువుడు ఉండాలె. వాపస్ తీసుకుంటున్న."

"ఫోన్ మీద ఫోన్ జేసి నా బీడీల పని చెడగొట్టినవు గదరా" అంది రాజమణి. తీర్మానం పోయింది. ఆమె పుస్తకాన్ని ముందుకు పెట్టింది. అందరి చేతులూ లేచాయి. వాటి నడుమ తాటిమట్ట కూడా లేచింది.

రాజమణి చెయ్యి మళ్లీ ఆయన నుదుటి వైపు పోయింది.

"జరం లేదు. దసరా మీదికొచ్చింది, పిలగాడు ఆగమైతున్నడు. వేసుకోనియ్యి" అన్నాడు మొండయ్య. అంటూనే ఒక్కసారి తలుపు వైపు చూశాడు. అక్కడ సమ్మయ్య ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అభ్యంతరం ఎవలకు లేనట్టే గద" అని రాజమణి కాగితాలు మడవబోయింది.

"నాకున్నది" అన్నాడు నరేశ్, చెయ్యి ఎత్తి.

"నీ పుస్తకానికా?"

నరేశ్ లేచి నిలబడ్డాడు. "బోయినపల్లి బడిల పదో తరగతి రెండోసారికి పాసైన. దుబాయిల ఆరేండ్లు ఎండల పనిచేసిన, ఒక్కనాడు సెలవు పెట్టలే. పదకొండు నెలలసంది చుక్క ముట్టలే. గందుకు చెప్తున్న. ఆ పసుపు అట్ట పెండ్లిపత్రిక లెక్క ఉన్నది."

"అట్టకేమైంది? లక్షణంగ ఉన్నది" అన్నాడు మొండయ్య చిరాగ్గా. "అడ్డం పడాలెనని పడుడు మంచిది కాదు పిలగా."

"నియమం నియమమే కాకా. నువ్వు రాసిందే."

నరేశ్ మొదటి అక్షరం నుంచి చదివాడు, మగ్గాల చప్పుడు మీదుగా, గొంతెత్తి. ఎనిమిదో పేజీకి రాగానే ఆగి, "ఎవ్వలు కుర్సీలు జరపకుండ్రి" అన్నాడు. ఆ పేజీ నెమ్మదిగా చదివి, సరిగ్గా రాలేదంటూ ఇంకోసారి చదివాడు. మొండయ్య గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నాడు. తలుపు పక్కన పెదాలు రెండు కదులుతున్నాయి.

మళ్లీ చేతులు లేచాయి. ఈసారి అడ్డం లేదు. పుస్తకం నెగ్గింది.

కాగితాలు సర్దుకుంటూ నరేశ్ మొండయ్య చెవిలో అడిగాడు. "సమ్మయ్యన్న సంగతి నీకెప్పుడెరుక కాకా?"

"ఏం సంగతి? ఆయన కథ ఆయనది, చెప్పుకుంటే ఆయనే చెప్పుకుంటడు. నాకు పొద్దుగాల సంది రెక్క నొస్తది, ఎత్తితేనే తక్కువైతది" అన్నాడు మొండయ్య, ఆ రెక్కతోనే నరేశ్ వీపు మీద ఒకటి చరుస్తూ.

"పని అయిపోయినట్టే, ఇగ చాయ్ తాగుదాం. అందరికి సమ్మతమేనా?" అంది రాజమణి. చేతులు లేచి దిగాయి. "అభ్యంతరం?"

తాటిమట్ట లేచింది. దాంతోపాటు తలుపు పక్కనుంచి ఇంకో చెయ్యి, బెరుగ్గా, భుజం ఎత్తుకు లేచింది.

గదంతా అటు తిరిగింది. సమ్మయ్య లేచి నిలబడ్డాడు. "రెండు వందల గొర్లు కాసిన. తోడేలు ఎత్తుకపోయింది ఒక్కటే. రెండేండ్ల సంది చుక్క ముట్టలే. గందుకు చెప్తున్న" అని ఊపిరి తీసుకున్నాడు. "పోయినసారి చాయ్‌ల చక్కెర తక్కువైంది."

"తక్కువేం కాలే, సరిపోయింది. నేనొప్పుకోను" అన్నాడు మొండయ్య.