మేడమ్ మాఫీ

టీ చల్లారితే చల్లారింది గానీ, ముందు ఇది వినండి. బంగారంలాంటి మొగుణ్ణి గోడ అవతల కూర్చోబెట్టి, నాకు మొగుడే లేడని చెప్పొచ్చాను!

ఇక్కడ అల్ సద్ అనే పేటలో కంప్యూటర్ కోర్సు. అడ్మిషన్ కోసం ఇంటర్వ్యూ. మిగిలింది ఒక్క సీటు. అది వస్తే ఏదైనా ఆఫీసులో ఉద్యోగం చూసుకోవచ్చు. రాకపోతే మా ఆయన డ్యూటీకి వెళ్ళాక ఫ్లాట్‌లో ఏసీ చప్పుడు వింటూ కూర్చోవడమే. ఖతార్ వచ్చి పట్టుమని పదిరోజులు కాలేదు, అప్పటికే ఆ చప్పుడంటే ఒళ్ళు మండిపోతోంది.

"నీ గొప్ప నువ్వే చెప్పుకోవాలి కుమారీ. ఇక్కడ సిగ్గుపడితే పనవదు," అన్నారు మా ఆయన టాక్సీలో.

చెప్పుకోవడమే! ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో లెండి" అని తల దించుకోమని పెంచింది మా అమ్మ. టైపు హయ్యర్ ఫస్ట్ క్లాసులో పాసైన రోజు కూడా "ఏదో లెండి" అనే అన్నాను. టాక్సీ దిగేలోపు వెలిగింది బుర్ర. హైదరాబాద్‌లో మా ఓనరమ్మ తన బిరియానీ గురించి గొప్పలు పోయే ముందు "మాఫీ" అనేది. అంటే ఉర్దూలో క్షమించమని. ముందు క్షమాపణ, తర్వాత సొంత డబ్బా! ఉర్దూ, అరబ్బీ అక్కచెల్లెళ్ళేగా, ఇక్కడా చెల్లుతుందనుకున్నా. మా ఆయన్ని అడిగానా? అబ్బే, నాకు తెలియనిదేముందని!

ప్రిన్సిపాల్ గారిది సూడాన్. "టైపింగ్?" అన్నారు.

"మాఫీ సర్... ఫస్ట్ క్లాస్!"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంగ్లీష్?"

"మాఫీ సర్! వెరీ గుడ్!"

ఆయన మొహంలో జాలి కనబడింది. నా వినయానికి కరిగిపోతున్నారనుకుని నేనింకా రెచ్చిపోయాను.

"హస్బెండ్?"

మొగుడి గొప్ప చెప్పాలంటే సిగ్గు ఇంకాస్త ఎక్కువే కదా! కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూపులు చూస్తూ, "మాఫీ సర్..." అన్నాను మెల్లగా.

పాపం, ఆయన లేచొచ్చి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చారు. "ఐ యామ్ సారీ, సిస్టర్. వెన్ డిడ్ హి గో?"

"ఎక్కడికి సర్? బయట బెంచీ మీద కునుకు తీస్తున్నారు!"

మా ఆయన్ని లోపలికి పిలిచారు. సంగతి విని ఆయన నెత్తి కొట్టుకున్నారు. "అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అనే! టైపింగ్ లేదు, ఇంగ్లీష్ లేదు, చివరికి నేను కూడా లేనా?"

ప్రిన్సిపాల్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, మళ్ళీ కుర్చీ చూపించారు. "ఇప్పుడు మొదట్నించి చెప్పండి. ఈసారి మాఫీ... మాఫీ!" అన్నారు. అంటే, ఆ మాట లేకుండా.

దాక్కోవడానికి ఉన్న ఆ ఒక్క మాటా పోయాక ఇంకేం చేస్తాను? తలెత్తాను. "నాకు టైపింగ్ వచ్చు. ఫస్ట్ క్లాస్. ఇంగ్లీష్ బాగా వచ్చు. ఈ కోర్సు నేను బాగా చదువుతాను." నా గొంతు నాకే కొత్తగా ఉంది. భలే బావుంది కూడా! ఎవరూ ఏమీ అనుకోలేదు. సీటు ఇచ్చేశారు!

నిన్న మొదటి క్లాసు. చెప్పులు బయట విడిచి, ఆ కంప్యూటర్ గదిలో కూర్చున్నానో లేదో, ప్రిన్సిపాల్ గారే వచ్చి హాజరు పిలిచారు. నా వంతు రాగానే పేరు వదిలేసి, "మేడమ్ మాఫీ?" అన్నారు.

"ప్రెజెంట్ సర్!" అని గట్టిగా అరిచి చెయ్యెత్తాను. 'లేదు' అని పేరు తెచ్చుకుని 'ఉన్నాను' అని అరిచినదాన్ని ఖతార్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను!