తొండలడేగ కార్డు

నిఘంటు కార్యాలయంలో పనిచేసే మా బాబాయి ఒకానొక మంగళవారం, ఉదయం పదకొండు గంటల వేళ, "పక్షివిశేషము" అని రాయడం మానేశాడు. ఇంతకంటే అల్ప కారణాలకు రాజ్యాలు కూలాయి. తమకు తెలియని రెక్కల జీవికల్లా పూర్వ పండితులు అంటించిన చీటీ ఆ మాట. "నేనూ అదే రాస్తే నాకు జీతమెందుకు?" అన్నాడాయన. అది మొదలు పద్నాలుగేళ్లు ఏ పిట్టనూ అర్థం లేకుండా అచ్చుకు పోనివ్వలేదు.

ఆ తర్వాత తొండలడేగ అనే మాట రాసిన కార్డు ఆయన బల్ల మీదికి వచ్చింది. పాత పుస్తకాలన్నీ ఏకకంఠంతో పక్షివిశేషమన్నాయి.

"శుక్రవారం పుటలు అచ్చుకు వెళ్తాయి. ఆలోపు తేల్చకపోతే నేనూ అదే వేసేస్తాను, ఏమనుకోకు," అన్నాడు సంపాదకుడు.

బాబాయికి అన్నం సయించలేదు. డేగ ముక్కు వంకర, ఏనుగు తొండమూ వంకర, కనుక పేరు అక్కణ్ణుంచే పుట్టిందని నాలుగు పుటల సిద్ధాంతం రాశాడు.

"పిట్ట పుట్టుపూర్వోత్తరాలు సరే, మీ మేనకోడలి పేరు గుర్తుందా?" అంది పిన్ని. బాబాయి మరో కాగితం తీసుకున్నాడు.

గురువారం సంపాదకుడు సిద్ధాంతమంతా చదివి, "దాన్ని ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

"చూడ్డమెందుకండీ? ఆధారాలున్నాయి."

"మన డాబా మీదే గూడు పెట్టిందటయ్యా. గోడ బాగుచేసే మేస్త్రి పొద్దస్తమానం దాన్నే తిడుతున్నాడు."

ఆ కార్యాలయంలో చేరాక బాబాయి డాబా ఎక్కడం అదే మొదలు. గోడ కంతలో పావురమంత పిట్ట గోధుమరంగు రెక్కలు సర్దుకుంటోంది.

"ముక్కు తొండంలా లేదూ?" అన్నాడు ఆశగా.

"ముక్కు నాకెందుకు సార్? అది తెచ్చేది చూడండి," అన్నాడు మేస్త్రి.

పిట్ట ఎగిరి వెళ్లి, కాసేపటికి కాళ్లలో కొట్టుకుంటున్న తొండతో వాలింది.

"పొద్దున్నించి ఇది మూడోది. రాలిన తోకలు ఊడ్చలేక చస్తున్నాను."

ఒక్క సాక్ష్యంతో ఏ అర్థమూ చెల్లదన్నది ఆ కార్యాలయపు నియమం. బాబాయి ఇసుక బస్తా మీద కూలబడి నాలుగోదాని కోసం ఎదురుచూశాడు. నాలుగున్నరకు అదీ వచ్చింది.

శుక్రవారం అచ్చయిన పుటలో ఆ పదానికి ఒక్క వరుస పట్టింది: తొండలడేగ – తొండలను పట్టి తినే చిన్న డేగ.