గీత పడిన దొర పాట

పెడనలో అచ్చులు చెక్కే భూషణం ఇంటికి మొదటిసారి వెళ్ళినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. అరుగు నిండా కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులు బోర్లించి ఉంటాయి. అందులో వింతేం లేదు, ఆ వీధిలో సగం ఇళ్ళు అంతే. లోపలికి తొంగిచూస్తేనే అసలు సంగతి. దేవుడి పటాల పక్కన గోడంతా ఒకడే తెల్లదొర. భుజాల మీదికి జుట్టు, ఎముకలు బయటపడ్డ ఒళ్ళు. ఒకచోట గిటారు పట్టుకుని ఎగురుతుంటాడు, ఇంకోచోట కడుపునొప్పి వచ్చినవాడిలా కళ్ళు మూసుకుని అరుస్తుంటాడు. అవన్నీ ఆయన పాటల రికార్డుల అట్టలు. ఆ దొర పేరు భూషణం కూతురు హర్షితకి తెలుసు. భూషణానికి నోరు తిరగదు. మనకీ అక్కర్లేదు. ఆ ఇంట్లో ఆయన్ని దొర అనే అంటారు.

"ఎవరండీ ఈయన, మీ చుట్టమా?" అని ఎవరైనా అడిగితే భూషణం భార్య మాధవి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"చుట్టమైతే రెండ్రోజులుండి పోయేవాడండీ. ఈయన తిష్ట వేశాడు."

దొరగారి పాత ఆల్బమ్‌లని కంపెనీవాళ్ళు ఇప్పుడు మళ్ళీ రికార్డులుగా వేస్తున్నారు. వేసిందే వేస్తారు, అట్ట మార్చి వేస్తారు. ఒకసారి నల్లగా, ఒకసారి నీలంగా, ఇంకోసారి యాభై ఏళ్ళ పండగ పేరు చెప్పి పళ్ళెమంత మందంగా. గుడివాడలో ల్యాబ్‌లో పనిచేసే హర్షిత ఫోన్‌లో ఆర్డరు పెడుతుంది, పెట్టె పెడనకి వస్తుంది. భూషణానికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా వచ్చిన ప్రతిదీ కొంటాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఇదేం పిచ్చని వీధిలో నవ్వుకుంటారు. నవ్వేవాళ్ళు నవ్వనీండి. వాళ్ళకి పిచ్చేశ్వరరావు సంగతి తెలియదు, తెలిసినవాళ్ళు నవ్వరు.

పిచ్చేశ్వరరావు భూషణానికి అన్న. అచ్చులు చెక్కే ఇంట్లో పుట్టి కూడా ఉలి ముట్టలేదు, మైకు సెట్టు పెట్టాడు. రెండు బూరలు, బ్యాటరీ, యాంప్లిఫయరు, రికార్డులు వేసే పెట్టె. మొవ్వ నుంచి నాగాయలంక దాకా పెళ్ళంటే పిచ్చేశ్వరరావు మైకు ఉండాల్సిందే. ఒకసారి బందరు రేవులో ఓడ దిగిన మనిషి ఒకడు పిచ్చేశ్వరరావు నాన్న అద్దిన దుప్పటి మీద మోజుపడి, దానికి బదులు ఒక రికార్డు ఇచ్చి పోయాడు. అట్ట లేదు. మధ్యలో ఉన్న కాగితం తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. పెట్టి చూస్తే దొర పాటలు! పెళ్ళిభోజనాలు అవగానే పిల్లలంతా "దొర పాట, దొర పాట" అని పిచ్చేశ్వరరావు మీద పడేవాళ్ళు. ముసలాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు.

ఆ రికార్డు మీద ఒక గీత ఉంది. ఓడ మనిషి దగ్గరే పడిందది. మూడో పాటలో దొర గొంతెత్తి ఒక కేక పెట్టేచోట పెట్టె ముల్లు ఇరుక్కుని, ఆ కేకే మళ్ళీ మళ్ళీ తిరిగేది. అందుకని ఆ రికార్డు పెట్టాడంటే పిచ్చేశ్వరరావు పెట్టె పక్కనుంచి కదిలేవాడు కాదు. పెళ్ళికొడుకు పిలిచినా, కాఫీ వచ్చినా కదిలేది లేదు. సరిగ్గా ఆ కేక రాబోయే ముందు చూపుడు వేలితో ముల్లు బిగించిన కడ్డీని తాకీ తాకనట్టు తట్టేవాడు. ముల్లు గీత దాటి పోయేది. గీత ఉందనే సంగతి జనానికి తెలియదు. సెలవుల్లో అన్న వెంట తిరిగిన భూషణానికి ఒక్కడికే తెలుసు. వాడు పాట వినేవాడు కాదు, అన్న వేలు చూసేవాడు.

డెబ్భై ఏడు ఉప్పెననాడు పిచ్చేశ్వరరావు దివిసీమలో సముద్రం ఒడ్డు ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి ఉన్నాడు. మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. నీళ్ళు తీసి దారులు పడ్డాక పెళ్ళికూతురి పిన్ని ఒకావిడ పెడన వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ పేరు తాతమ్మ. ఆ ఊళ్ళో మిగిలిన కొద్దిమందిలో ఆవిడ ఒకతె. జరిగింది ఆవిడే చెప్పింది. పొద్దుటి నుంచే గాలి లేచింది. పందిరి ఎగిరిపోతే జనమంతా ఊళ్ళో ఉన్న ఒక్క డాబా ఇంట్లో చేరారు. పిల్లలు భయపడి ఏడుస్తుంటే పాటలు వెయ్యమన్నారు. పిచ్చేశ్వరరావు ఒక బూర ఇంట్లోకి తెచ్చి, బ్యాటరీ మీద పాటలు వేశాడు. పొద్దు వాలేసరికి సముద్రం ఊరి మీదికి వస్తోందని కేకలు. అందరూ మెట్ల మీదికి తోసుకున్నారు.

"నీళ్ళొచ్చి ఇంట్లో పడేదాకా దొర పాట మోగుతానే ఉందమ్మా," అంది తాతమ్మ.

పాపం, ఆవిడ ఓదార్పుకే ఆ మాట అంది. కాని పిచ్చేశ్వరరావు తల్లి వెంకటరత్నమ్మకి అది గుండెల్లో దిగబడింది.

"ఊరంతా మెట్లెక్కుతుంటే వీడు డబ్బా ముందు కూర్చున్నాడా? డబ్బా కోసం చచ్చాడా నా కొడుకు?"

ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో పాట లేదు. వీధిలో మైకు మోగితే తలుపులు వేసేది. భూషణం పెళ్ళి మేళంతో సరిపెట్టారు. కార్తీకంలో పిచ్చేశ్వరరావు పేరున విస్తరి వేసినప్పుడల్లా ఏడవడం మానేసి తిట్టేది. "వదిలేసి రాకపోయావురా, వెధవా" అని వడ్డించిన అన్నంతో మాట్లాడేది. అది వింటూ పెరిగాడు భూషణం. అన్నంటే ప్రాణం, అన్నంటే ఒళ్ళుమంట. ఈ రెండూ ఒకే కంచంలో కలిపి తిన్నాడు. సముద్రం మీంచి గాలి తిరిగిన సాయంత్రాల్లో ఆ పాట వినపడేది. ఎక్కడినుంచో చెప్పలేకపోయేవాడు. ఉలి పక్కన పెట్టి, అరుగు మీద లేచి నిలబడేవాడు. మాధవికి మొదట్లో భయం వేసేది, తరవాత అలవాటైంది.

వెంకటరత్నమ్మ చనిపోయిన ఏడాది, హర్షిత ఫోన్‌లో ఏదో వింటూ కూరగాయలు తరుగుతోంది. భూషణం చేతిలో ఉలి జారి బొటనవేలు తెగింది. అదే దొర. అదే గొంతు.

"రికార్డు దొరుకుతుందా అమ్మా?" అన్నాడు రక్తం కారుతుండగానే.

"ఫోన్‌లో ఉందిగా నాన్నా!"

"ఫోన్‌లో వద్దు. ముల్లు మీద కావాలి."

అలా దొర ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. భూషణానికి పాటల మీద మోజు లేదు. ఆయన్ని తినేస్తున్నది ఒక్కటే ప్రశ్న. చావు ఎదురొస్తుంటే వదిలి లేవలేనంతది ఇందులో ఏముంది? అది వింటే తెలుస్తుందనుకున్నాడు. ఒక ఆల్బమ్‌లో తెలియలేదు, ఇంకొకటి తెప్పించాడు. నల్లదాంట్లో తెలియలేదు, మందందాంట్లో తెలుస్తుందేమో అనుకున్నాడు. పని దిగాక కుర్చీ వేసుకుని, ముద్దాయిని ప్రశ్నించే పోలీసులా రికార్డు ముందు కూర్చునేవాడు. దొర పాడుకుపోయేవాడు గాని ఏమీ చెప్పేవాడు కాదు.

ఒకటి మాత్రం జరిగేది. అన్న దగ్గరున్న ఆల్బమే పెట్టినప్పుడు, మూడో పాటలో ఆ కేక దగ్గరపడగానే భూషణం చూపుడు వేలు దానంతటది లేచేది. కొత్త రికార్డు మీద గీత లేదు, తట్టాల్సిన పని లేదు. అయినా వేలు లేచి గాలిలో తట్టి దిగేది. ఆ క్షణంలో వీపు వెనక ఎవరో నిలబడ్డట్టు ఉండేది. తల తిప్పి చూసే ధైర్యం ఆయనకి ఎన్నడూ చాలలేదు.

"ఎవర్ని పిలుస్తున్నారండీ వేలితో?" అని ఒకసారి మాధవి అడిగింది.

"నేనా? లేదే" అన్నాడు. నిజంగానే ఆయనకి తెలియదు.

పోయిన వానాకాలం బందరు నుంచి హరిబాబు అనే బట్టల వ్యాపారి అరిగిపోయిన పాత అచ్చు తెచ్చాడు. లతల అంచు. కొత్త చెక్క మీద మళ్ళీ చెక్కివ్వాలి. పాత అచ్చుతో కాగితం మీద ముద్ర తీసి, ఆ కాగితం టేకు చెక్కకి అంటించి దాని వెంటే ఉలి నడుపుతారు. ముద్ర తీస్తుంటే పువ్వుకి ఒక రేకు సగానికి విరిగి కనపడింది.

"రేకు నిండుగా చెక్కేదా బాబూ?"

"అయ్యో, ముట్టుకోకండి భూషణం గారూ. కొనేవాళ్ళు విరిగిన రేకు చూసే గుర్తుపడతారు. బాగుచేస్తే అది మా అంచు ఎట్టా అవుద్ది?"

భూషణానికి తెలియని మాటా అది? ఇలా విరిగిన రేకులు ఎన్నో విరిగినట్టే చెక్కాడు. కాని ఆ రోజు చేతిలో ఉలి ఆగిపోయింది. లోపల గోడ మీది దొర వైపు చూశాడు. కంపెనీవాళ్ళు రేకు నిండుగా చెక్కేసి పంపారు. ఇన్నాళ్ళూ తను వింటున్న గీత లేని పాట, అన్న వేసిన పాట కానే కాదు.

హరిబాబు అటు వెళ్ళగానే సన్న ఉలి పట్టుకుని రికార్డు ముందు కూర్చున్నాడు. ఆ కేక ఉన్న ఆల్బమ్ మూడు రకాలుగా ఉంది ఇంట్లో. నల్లదాని మీద గీస్తే ముల్లు ఎగిరి తరవాతి పాటలో పడింది. మందందాని మీద టక్కుమని చప్పుడొచ్చిందంతే. "బంగారంలాంటివి పాడుచేస్తున్నారేంటండీ!" అని మాధవి నెత్తి కొట్టుకుంది. నీలందాని మీద ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత గీశాడు. ముల్లు పెట్టాడు. కేక వచ్చింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. భూషణం ముల్లు లాగేసి, నీళ్ళు అడిగి తాగాడు.

ఆ పాట ఆ రోజు విన్న మనిషి ఇంకా ఒకరు బతికి ఉన్నారు. ఎనభై దాటిన తాతమ్మ నాగాయలంక దగ్గర మనవడింట్లో ఉంది. భూషణం రికార్డు ప్లేయరు బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. నీలం రికార్డుని మాధవి తన పట్టుచీరలో చుట్టింది. బందరులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా పులిగడ్డ దాటారు. దారి పొడుగునా ఈనిన వరిచేలు. ఆ పచ్చదనం కింద ఎవరెవరున్నారో అన్న ఆలోచన భూషణాన్ని ఆ నేల మీద ఎప్పుడూ వదలదు.

తాతమ్మకి చూపు పోయింది, చెవులు మాత్రం పాము చెవులు. మంచం పక్కన ప్లేయరు పెట్టి పాట మొదలుపెట్టాడు భూషణం. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఇది కాదు నాయనా," అంది కాసేపటికి.

"ఇదే పెద్దమ్మా. ఆ రోజు అన్నయ్య వేసింది ఇదే."

"కాదయ్యా. నా చెవులో ఇప్పటికీ మోగుద్ది. ఇది కాదు."

అంతలో కేక వచ్చింది. గీత మీద ముల్లు ఇరుక్కుంది. మళ్ళీ కేక. మళ్ళీ. తాతమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఇది! ఇదే నాయనా!"

భూషణం వేలు అలవాటుగా లేచి ముల్లు వైపు వెళ్ళింది. ఆయన కదిలిన చప్పుడు పట్టి ఆవిడ తడుముకుని ఆయన మణికట్టు పట్టేసుకుంది.

"ఉండనీ. ఆ రోజు ఎవరూ ఆపలా."

భూషణం చెయ్యి ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది.

"పెద్దమ్మా, ఇట్టా ఎంతసేపు మోగింది?"

"చానాసేపు. మేం మెట్ల మీద ఇరుక్కుపోయి ఉన్నాం. నీళ్ళింకా రాలా. కింద ఇదే అరుపు, ఇదే అరుపు. ఇంగిలీసు పాట ఇట్టాగే ఉంటదనుకున్నా. నీళ్ళొచ్చి పడ్డాక ఆగింది."

ఇంగ్లీషు పాట తెలియని మనిషికి ముల్లు ఇరుక్కుందని ఎలా తెలుస్తుంది? ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది. వినాల్సినవాళ్ళే వినలేదు. పిచ్చేశ్వరరావు పెట్టె పక్కన ఉండి ఉంటే ఆ కేక రెండోసారి మోగేది కాదు. నీళ్ళు రాకముందే, ఆ మూడో పాటలో కేక రాకముందే ఆయన లేచి వెళ్ళిపోయాడు.

"అన్నయ్య ఎటెళ్ళాడు?" భూషణం గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"తెలీదు నాయనా. చీకటి. కిందనుంచి ఎవరో జనాన్ని పైకి ఎక్కిస్తానే ఉన్నారు. నన్నూ నడుం పట్టి ఎత్తారు. మొహం చూళ్ళా."

మాధవి కొంగు నోట్లో కుక్కుకుంది. భూషణం మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. ఇన్నేళ్ళు అన్నంలో కలిపి తిన్న కోపం అంతా ఒక్కసారి గొంతుకి అడ్డుపడింది. ఈ మాట వినాల్సిన మనిషి తల్లి ఒక్కతే, ఆవిడ "వదిలేసి రాకపోయావురా" అని తిడుతూ తిడుతూనే వెళ్ళిపోయింది.

ఆయన తల వంచి, నేలకేసి చూస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పాడు.

"వదిలేశాడమ్మా. డబ్బా వదిలేశాడు."

నీలం రికార్డు మీద దొర అదే కేక పెడుతున్నాడు. ఎవరూ ముల్లు తియ్యలేదు.