నా మొగుడి గొంతు

“క్యాసెట్లు ఏమైనాయమ్మా?”

“ఎలకలు కొరికేసినాయప్పా.”

మారికుప్పం రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న కుర్రాడూ నేనూ చివరగా అనుకున్న మాటలివే.

కోలారు బంగారు గనుల దగ్గర మా కోరమండల్ కుర్రాళ్లు ఒకప్పుడు గొంతు చించుకుని పాడిన పంక్ అనే అరుపుల పాటలన్నీ అతను వెతికి భద్రం చేస్తున్నాడట. ఫోనులో పాత ఫోటో చూపించాడు. మైకు పట్టుకున్నవాడు నా మొగుడే. ఆ మాట నోరుజారి చెప్పేశాను.

“ఈయన గొంతొకటే యాడా దొరకలేదమ్మా” అన్నాడు.

ఎలకలు కాదు. ఆయన చనిపోయిన ఏడాది రాగిచేను మీద పిట్టలు వాలుతుంటే, ఆయన పాటల క్యాసెట్ల రీళ్లు లాగి కర్రలకు కట్టింది నేనే. “ఆయన అరుపులకు పిట్టలైనా బెదరనీ” అని పక్కచేను వాళ్లతో నవ్వాను కూడా.

అతను దిగబోతూ, ఆయన భార్యనని నాకు దండం పెట్టాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

పాపా, నా చెల్లెలి కూతురివని మొహమాటపడకుండా, నేను చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాసినావా? యాడా దిద్దకుండా ఒకసారి చదివి వినిపించు.