మోహన్‌రాజ్ చెప్పిన ఆడపిల్లలు

చూలై పేటలో మా వీధి ఆడవాళ్ళు మోహన్‌రాజ్‌ని డాక్టరు గారనే పిలిచేవాళ్ళు. అతను ఏనాడూ కాదనలేదు. అంతకు ముందు ఒక స్కాన్ సెంటర్లో ఆరేళ్ళు పనిచేశాడు. పేర్లు పిలిచి లోపలికి పంపడం, మంచం మీద గుడ్డ మార్చడం, కడుపు మీది జిగురు తుడుచుకోడానికి కాగితం అందించడం. ఇదీ అతని వైద్యం. వాళ్ళు పనిలోంచి తీసేశాక, చేతిపెట్టెంత పాత స్కాన్ మెషిన్ ఒకటి ఎవరి దగ్గరో కొన్నాడు. తెల్లకోటు కుట్టించి, జేబు మీద పేరు వేయించుకున్నాడు. పేరు పక్కన వేయించడానికి మాత్రం చదువేమీ లేకపోయింది.

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని ప్రతి స్కాన్ సెంటర్ గోడ మీదా రాసుంటుంది. ఆరేళ్ళు ఆ బోర్డుకు దుమ్ము తుడిచినవాడు మోహన్‌రాజ్. చెప్పకూడని మాటకే గిరాకీ ఎక్కువని దాన్ని చూసి నేర్చుకున్నాడు. తన మేడ మీది గదిలో, కిటికీలు మూసి, అదే వ్యాపారం పెట్టాడు. లైసెన్సు లేదు, రికార్డు లేదు.

పక్క వీధి స్టీలు సామాన్ల అంగడి వాళ్ళ కోడలు అలివేలుమంగ ఐదో నెలలో అక్కడికి వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే, అత్త పుష్పవల్లి తీసుకొచ్చింది. అప్పటికే అలివేలుమంగకు ప్రణతి అని ఆరేళ్ళ కూతురుంది. భర్త వెంకట్రామ్ మేడ కిందే నిలబడిపోయాడు. పని జరగాలి, తను మాత్రం చూడకూడదు. అంత సున్నితమైన మనిషి.

మోహన్‌రాజ్ రెండు నిమిషాలు తెర వైపు చూశాడు.

"మహాలక్ష్మి," అన్నాడు.

"ఇంకొక తూరి సెరిగ్గా చూడప్పా," అంది పుష్పవల్లి.

"దినానికి ఎన్ని చూస్తా ఉండాను అక్కా. నాకు తెలీదా?"

"ఏ బిడ్డయినా సరే, నాకు కావాల," అంది అలివేలుమంగ. ఆ మాట వాళ్ళిద్దరూ విననట్టే ఉండిపోయారు.

నాలుగో రోజు, మోహన్‌రాజే చూపించిన చోట ఆమెకు మాత్రలు మింగించి ఇంటికి పంపేశారు. తెల్లారినా రక్తం ఆగలేదు. వెంకట్రామ్‌కి భయం పట్టుకుంది, భార్య పోతుందని కాదు, పోతే పోలీసులు వస్తారని. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టర్ పరిమళ అలివేలుమంగ ప్రాణం నిలబెట్టింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

ఆ సంగతి తెలియగానే పుష్పవల్లి వరండాలో కూలబడి "నా మనవడు, నా మనవడు" అని గుండెలు బాదుకుంది. పొద్దుటినుంచీ కోడలి ఒళ్ళు చల్లబడుతుంటే తడవని కళ్ళు అవి. మంచం మీద ఉన్న అలివేలుమంగకు ఆ ఏడుపు మొత్తం వినిపించింది.

ఆ సాయంత్రమే పుష్పవల్లి మోహన్‌రాజ్ గది మెట్లెక్కింది.

"మగబిడ్డంట. నువ్వు ఆడదంటివే?"

"సెరి అక్కా, పోలీస్ స్టేషన్‌కి పోయి చెప్పండి," అన్నాడు మోహన్‌రాజ్. "కావాలంటే నేనూ తోడొస్తా."

ఆమె నోరు మూసుకుని ఇంటికొచ్చింది.

అలివేలుమంగ మాత్రం మూసుకోలేదు. తను ఫిర్యాదిస్తే తన మీదా కేసు పెడతారా అని పరిమళను అడిగింది.

"నిన్ను ఇంటివాళ్ళు బలవంతంగా తీసుకుపోయారనే చట్టం అనుకుంటుంది," అని పరిమళ తమిళంలో చెప్పింది. "కాదంటే వాళ్ళే నిరూపించుకోవాలి. స్కాన్ చేసినవాడి మీదే కాదు, తీసుకుపోయినవాళ్ళ మీదా కేసు పడుతుంది. ఆలోచించుకో."

"ఆలోచించినాను డాక్టర్. ముగ్గురి పేర్లూ రాసుకోండి."

వారం తిరక్కుండా ఆరోగ్యశాఖ అధికారి జెబరాజ్, ఒక స్కాన్ డాక్టరును వెంటబెట్టుకుని మేడ మీదికి వచ్చాడు. ఆ డాక్టరు మెషిన్ ఆన్ చేసి తన పొట్ట మీదే చాలాసేపు తిప్పి చూశాడు. తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. ఇందులో తల ఏదో, కాలు ఏదో కూడా తెలియదన్నాడు.

"మరి ఆడబిడ్డ అని ఎట్లా చెప్పావు?" అని జెబరాజ్ అడిగాడు.

"మగ అని చెప్పి ఆడ పుడితే ఇంటికొచ్చి తంతారు సార్," అన్నాడు మోహన్‌రాజ్. "ఆడ అంటే ఆ బిడ్డే పుట్టదు గదా. ఎవరొచ్చి అడుగుతారు?"

అది దాచుకోవలసిన మాట అని కూడా అతనికి తోచలేదు. తన తెలివికి మెచ్చుకుంటారనుకున్నట్టు జెబరాజ్ ముఖంలోకి చూశాడు. ఎంతమందికి అలా చెప్పాడో అతనికే గుర్తు లేదు. మెషిన్‌కు సీలు వేసి అతన్ని తీసుకుపోయారు.

మా వీధి వాళ్ళు కొన్నాళ్ళు అతన్ని బాగానే తిట్టారు. స్కాన్ చేసినందుకు కాదు, తప్పు చెప్పినందుకు. నిఖార్సుగా చెప్పేవాడు ఆంధ్రా బార్డర్ దగ్గర ఉన్నాడట అని పెద్దమనుషులే చెవులు కొరుక్కున్నారు. గుడిలో పుష్పవల్లి పక్కన కూర్చుని ఓదార్చినవాళ్ళూ వాళ్ళే. కోడలు ఇంటి పరువు తీసిందని అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

అలివేలుమంగ ప్రణతిని తీసుకుని కోడంబాక్కంలో ఒక గది చూసుకుంది. సినిమాలకు బట్టలు కుట్టే దుకాణంలో పని దొరికింది. కేసు ఇంకా నడుస్తోంది. ముగ్గురూ బెయిలు మీద బయటే తిరుగుతున్నారు.

కిందటి నెల ఆమె సాక్ష్యం జరిగింది. "నీ అంతట నువ్వే మేడెక్కావు కదమ్మా," అని మోహన్‌రాజ్ వకీలు మూడుసార్లు అడిగాడు.

"నా కాళ్ళతోనే ఎక్కినాను," అంది అలివేలుమంగ. "ఎక్కించినోళ్ళు అదో ఆ పక్క కూర్చోనుండారు. వాళ్ళని అడగండి."

జడ్జి ఆ మాటను ఉన్నదున్నట్టు రాయించాడు.