ఫ్రేముకు బెత్తెడు అవతల

ఫొటోలో మనిషి ఉంటే నాకు గిట్టదు. పొలం తీసినా, కొండ తీసినా, మనిషి కనబడ్డాడంటే చూసేవాళ్ల కళ్లు తిన్నగా అతని మీదికే పోతాయి. మిగతాదంతా నాటకం తెర అయిపోతుంది. అందుకే కెమెరాను స్టాండు మీద నిలిపాక ఫ్రేము నాలుగు అంచులూ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. కరెంటు స్తంభం, ప్లాస్టిక్ సంచి, మనిషి, ఏదైనా సరే బయటికి పోవాల్సిందే. ఇదేదో పెద్ద విద్య అనుకుని మిడిసిపడ్డ రోజులున్నాయి.

కోటబొమ్మాళి దగ్గర మా మేనమామకు ఎకరన్నర వరిపొలం ఉండేది. ఏడేళ్లు ఆ ఒక్క పొలాన్నే తీశాను. ఆదివారం వస్తే విజయనగరంలో తొలి రైలెక్కి, ఎండ ముదరకముందే అక్కడ దిగేవాణ్ణి. ఫ్రేములో గట్టు ఎడమ మూల నుంచి బయల్దేరి, ఏటవాలుగా పోయి, కుడివైపు నిలబడ్డ ఒంటి తాడిచెట్టును చేరాలి. పైన ఆకాశం ఒక వంతు, కింద నీళ్లు నిండిన మడి రెండు వంతులు. అదీ నా లెక్క.

ఇబ్బందల్లా మావతోనే. మడికి నీళ్లు వదిలే తూము ఆ ఎడమ మూలనే ఉంది, ఆయన అక్కడే నిలబడాలి.

"మావా, నాలుగడుగులు అవతలికి జరుగు," అన్నాను మొదటిరోజు, కాస్త విసురుగానే.

"ఏటిరా, నా పొలంలోంచి నన్నే గెంటెస్తన్నావు?" అని నవ్వి జరిగాడు.

రెండో ఏటికి చెప్పాల్సిన పని లేకపోయింది. స్టాండు ఎటు పెట్టానో చూసి, ఫ్రేము ఎక్కడ తెగుతుందో తనే అంచనా కట్టి, పార భుజాన వేసుకుని సరిగ్గా దానికి అవతల మడిలో నిలబడేవాడు. తాడిచెట్టు నీడ నీళ్లలో కుదురుకునేదాకా నేను బటన్ నొక్కను. పావుగంటైనా మావ కదిలేవాడు కాదు. చివర్న అడిగేవాడు, "తీసీసావా? ఇటు వచ్చీనా?" అని. తలెత్తకుండానే ఊఁ కొట్టేవాణ్ణి.

పోయిన వానాకాలం ఆ తూము దగ్గరే కూలబడిపోయాడు. గుండె ఆగిందన్నారు.

పన్నెండో రోజుకు దండ వేయడానికి ఫొటో కావాలంది అత్త. పిల్లల్లేని ఇల్లు, బటన్ల ఫోను. ఉన్నది ఆధార్ కార్డు బొమ్మ ఒక్కటే. స్టూడియోలో పెద్దది చేయిస్తే ముఖం అలికేసినట్టు వచ్చింది.

"ఈయనెవులో నాకు తెల్దు. నువ్వు ఏడేళ్లు తీసావు గదా, ఒక్కటైనా ఉంటాది, సూడు బాబూ," అంది.

రెండు రోజులు హార్డ్ డిస్కులన్నీ తిరగేశాను. గట్టు, తాడిచెట్టు, మడి. మళ్లీ గట్టు, తాడిచెట్టు, మడి. ఎంత శుభ్రంగా తీశానో! ఒక్కదాంట్లో మాత్రం ఎడమ అంచున నీళ్ల మీద చిన్న అల కనిపించింది. మావ కాలు కదిపినప్పటిది. తాడిచెట్టు నీడ చెదిరిందని అప్పట్లో విసుక్కుని పక్కన పడేసిన ఫొటో అది. దాన్నే ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"అత్తా, మావ ఇందులో లేడు. ఈ అల మాత్రం ఆయనదే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గోడకు తగిలించి దండ వేసింది. చాలాసేపు చూసి అడిగింది.

"ఎంత దూరంలో నిల్సున్నాడు?"

ఫ్రేముకు ఎడమవైపు, బెత్తెడు అవతల, ఉత్త గోడ మీద వేలు పెట్టి చూపించాను. అత్త వేలికి కుంకుమ అద్దుకుని అక్కడ బొట్టు పెట్టింది.

ఇప్పుడు ఎక్కడ కెమెరా పెట్టినా అంచుకు అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టే ఉంటుంది. ఇటు తిప్పితే అటు జరుగుతాడు. నాకు భయం వేస్తుంది. మొన్న ఆ పొలానికే వెళ్లి, ఎడమ మూల మనిషి పట్టేంత చోటు కావాలనే వదిలి ఫ్రేము పెట్టుకున్నాను.

"వచ్చీ మావా," అని గట్టిగానే పిలిచాను. చాలాసేపు చూశాను. మడిలో నీళ్లు కదల్లేదు.