వాడపల్లి మడుగులో విమానం

దయ్యాలు లేవని సూర్యాపేట సభల్లో గొంతు పోయేదాకా వాదించినవాణ్ణి. ఇప్పటికీ లేవనే అంటాను. కానీ వాడపల్లిలో నా చెవులతో విన్నదానికి జవాబు నా దగ్గర లేదు.

ప్రపంచ యుద్ధం ముగిసిన రెండో ఎండాకాలం. మూసీ కృష్ణలో కలిసేచోట నీళ్లు తగ్గిన మడుగులో, మునిగిన విమానం ఒకటి జాలర్లకు తగిలింది. మా చెల్లెలు సత్తెమ్మ భర్త మల్లయ్య విమానదళంలో చేరి, ఇటువైపు ఎగురుతూనే జాడ లేకుండా పోయాడు. చనిపోయాడని ఎవరూ తేల్చి చెప్పలేదు. కోదాడలో మా ఇంట్లో ఆమె భార్యా కాదు, విధవా కాదు.

మిర్యాలగూడ బడిపంతులు ఒకాయన ఆమెను పెళ్లాడతానన్నాడు. మల్లయ్య మరణం రూఢి కావాలన్నాడు. వితంతు వివాహాల కోసం ఊరూరా మాట్లాడే నాకు అంతకంటే ఏం కావాలి? మల్లయ్య నడిపిన విమానం తోక మీది నంబరు సత్తెమ్మకు కంఠస్థం. సెలవులో వచ్చినప్పుడు మురిసిపోతూ చెప్పాడు. ఆమెను వెంటబెట్టుకుని వాడపల్లి వెళ్లాను.

జాలరి ముత్తయ్య, అతని తమ్ముడు వంతులవారీగా మునిగారు. లోపలివాడు రాయితో రేకును కొడితే పైవాడు తాడు లాగాలి. అది వాళ్ల పద్ధతి. వాళ్లకు చదువు రాదు కనుక నంబరున్న రేకునే ఊడదీసి తెమ్మన్నాను.

మధ్యాహ్నం ఇద్దరూ గట్టెక్కి బీడీలు ముట్టించారు.

"తోక ఇడుస్తలేదయ్యా. కొత్తల్లుడు లెక్క బిర్రుగ కూసున్నది," అన్నాడు ముత్తయ్య.

అప్పుడు నీళ్లలోంచి చప్పుడు వచ్చింది. రేకు మీద రాయి దెబ్బ. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. తమ్ముడు అలవాటుకొద్దీ తాడు అందుకుని, పక్కనే ఉన్న అన్నను చూసి వదిలేశాడు.

మళ్లీ అదే వరుస.

సత్తెమ్మ లేచి నిలబడింది. "ఆయన తలుపు గిట్లనే కొడతడు."

లోపల చిక్కిన గాలి అన్నాను. ప్రవాహం అన్నాను. మడుగులో నీరు కదలడం లేదని నాకూ కనిపిస్తూనే ఉంది. "ఇగ మేం దిగమయ్యా," అన్నాడు ముత్తయ్య. ఎంత బతిమాలినా దిగలేదు. నాకు ఈత రాదు.

"చచ్చినోళ్లు ఏం జెయ్యలేరని నువ్వే చెప్తవు గదన్నా," అంది సత్తెమ్మ నెమ్మదిగా. "మరి కొడుతున్నదెవరు? బతికే ఉన్నడా?"

చనిపోయాడమ్మా అనాలి. అంటే ఆ కొట్టేది చనిపోయినవాడేనని ఒప్పుకోవాలి. గట్టు మీది తాడు చుట్టడం మొదలుపెట్టాను.

వానలకు వరదొచ్చి మడుగు ఇసుకతో పూడిపోయింది. పంతులు కొన్నాళ్లు చూసి వేరే పెళ్లి చేసుకున్నాడు. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా సత్తెమ్మ ఒకటే అంటుంది: "ఆయన ఉన్నడో లేడో మా అన్ననడుగుండ్రి."

అందరూ నా వైపు చూస్తారు.